పాత మెటల్ డిటెక్టర్ సెట్ చేసుకోవడం, కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చేతులు మారి వచ్చిన డిటెక్టర్ మొరాయిస్తే చాలామంది ముందు స్క్రూడ్రైవర్ వెతుక్కుంటారు. అది చివర్లో చేయాల్సిన పని. బ్యాటరీ కాంటాక్టులు, కేబులు, కాయిల్ (నేల మీద తిప్పే చుట్టల తల) బోల్టు, దుమ్ము పట్టిన నాబులు చూడకుండా పెట్టె విప్పితే ఉన్న జబ్బు అలాగే ఉంటుంది, దానికి కొత్తది తోడవుతుంది.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు ముందుగా ఏం చూడాలి?

కాయిల్, దాని కేబులు, బ్యాటరీలు పెట్టే గది. ఈ మూడూ బాగుంటే మిగతావి సర్దుకోవచ్చు. కంట్రోల్ బాక్స్ మీద గీతలు, చెరిగిపోయిన అక్షరాలు, రంగు పోయిన రాడ్డు చూపించి బేరం ఆడండి, తప్పులేదు. వాటివల్ల పనితనానికి వచ్చే లోటు మాత్రం ఏమీ ఉండదు. కాయిల్ పోతే కథ వేరు. పాత మోడల్‌కి సరిపోయేది వెతకడమే పెద్ద పని.

కాయిల్‌ని చేతిలోకి తీసుకుని అంచుల వెంట గోరు పోనివ్వండి. కంటికి కనపడని సన్నటి చీలిక గోటికి తగులుతుంది. రాడ్డుకు బిగించే రెండు చెవుల మొదట్లో ఇవి ఎక్కువగా వస్తాయి, ఎందుకంటే పాత యజమాని బోల్టును బలంకొద్దీ బిగించి ఉంటాడు. తర్వాత కాయిల్‌ని నెమ్మదిగా ఊపి వినండి. లోపల ఏదో గలగలమంటే ఆ డిటెక్టర్‌ని వదిలేయడం మంచిది. చివరగా డిటెక్టర్ ఆన్‌లో ఉంచి, కేబులు కాయిల్‌లోకి దిగే చోట ఒకసారి, ప్లగ్గు దగ్గర ఒకసారి మెల్లగా వంచి చూడండి. వంచినప్పుడల్లా శబ్దం తెగినా, ఉన్నట్టుండి పెరిగినా లోపల తీగ తెగుతోందన్నమాట.

అమ్మేవాళ్ళు "బ్యాటరీలు లేవండీ, ఉంటే చూపించేవాణ్ణే" అంటారు. కొత్త బ్యాటరీలు మీ జేబులో పెట్టుకుని వెళ్ళండి.

నా దగ్గరున్నది ఏ రకమో ఎలా తెలుసుకోవాలి?

బాగా పాతవైతే బీఎఫ్‌ఓ (బీట్ ఫ్రీక్వెన్సీ ఆసిలేటర్) లేదా టీఆర్ (ట్రాన్స్‌మిట్ రిసీవ్) రకం అయి ఉంటాయి. ఒకటి రెండు నాబులు, ఒక స్పీకరు, అంతే. నేలలోని ఖనిజాలకు ఇవి తేలిగ్గా మోసపోతాయి, అందుకే కాయిల్ ఎత్తు కాస్త మారినా కూస్తాయి. తర్వాత వచ్చి ఇప్పటికీ నడుస్తున్నవి వీఎల్‌ఎఫ్ రకం, అంటే చాలా తక్కువ ఫ్రీక్వెన్సీవి. ఇవి దాదాపు 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి, అక్కర్లేని లోహాలకు పలకకుండా చేసే డిస్క్రిమినేషన్ అనే నాబు ఉంటుంది. పల్స్ ఇండక్షన్ రకానికి ఉప్పునీళ్ళన్నా, ఖనిజాలు ఎక్కువున్న నేలన్నా పెద్దగా లెక్కలేదు, కానీ ఏ లోహమో చెప్పడంలో వెనకబడుతుంది. మోడల్ పేరు చెరిగిపోతే బ్యాటరీ మూత లోపలా, బాక్స్ అడుగునా, కాయిల్ మీదా వెతకండి. ఎక్కడో ఒకచోట స్టిక్కరు ఉంటుంది. పేరు దొరికితే మాన్యువల్ కూడా దొరుకుతుంది. మిగతా పని మొదలుపెట్టేముందు దాన్ని ఒక్కసారైనా పూర్తిగా చదవండి.

బ్యాటరీ గదిలో తెల్లగా, పచ్చగా ఏదో పేరుకుంది. డిటెక్టర్ పోయినట్టేనా?

చాలావరకు పోదు. ఆల్కలైన్ బ్యాటరీ కారితే బయటికొచ్చేది క్షారం. దానికి విరుగుడు ఆమ్లం, అంటే వెనిగర్. చేతికి గ్లవ్స్ వేసుకుని, పొడిగా ఉన్న తెల్లటి పొరను ముందు పాత టూత్‌బ్రష్‌తో రాల్చేయండి. ఊదకండి, కళ్ళల్లో పడుతుంది. ఇయర్‌బడ్‌ని వెనిగర్‌లో ముంచి, కారకుండా పిండి, స్ప్రింగు మీద అద్దండి. చిన్నచిన్న బుడగలొస్తాయి. అవి ఆగేదాకా ఇయర్‌బడ్లు మార్చుతూ అద్దాలి. తర్వాత మంచినీళ్ళలో తడిపిన ఇయర్‌బడ్‌తో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆరబెట్టండి. లోహం మెరవకపోతే పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. ఇసుక కాగితం చివరి మార్గం. పైపూత లేచిపోతే ఆ స్ప్రింగు త్వరలోనే మళ్ళీ తుప్పు పడుతుంది.

చవకరకం జింక్ కార్బన్ బ్యాటరీలు కారితే వెనిగర్ పనికిరాదు. అది ఆమ్ల గుణం ఉన్న ద్రవం కాబట్టి తినే సోడా కలిపిన నీళ్ళు వాడాలి.

కాంటాక్టులు శుభ్రమయ్యాక కూడా కరెంటు సరిగా రాకపోతే తీగ చివర కొంచెం తొడుగు ఒలిచి చూడండి. రాగి నల్లగానో పచ్చగానో ఉంటే మరక తీగ లోపలికి పాకింది, దానికి టంకం కూడా అంటుకోదు. బ్యాటరీ హోల్డరునో, 9 వోల్టుల క్లిప్పునో తీగతో సహా మార్చేయండి. మార్చేటప్పుడు ఎరుపు, నలుపు తీగలు తారుమారు కాకూడదు. కొన్ని పాత డిటెక్టర్లలో దీనికి రక్షణ ఉండదు.

రీచార్జబుల్ బ్యాటరీలు వేయొచ్చా?

నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలు చాలా మోడళ్ళలో నడుస్తాయి. ఒక్కోటి 1.2 వోల్టులే ఇస్తుంది కాబట్టి ఎనిమిది ఏఏ బ్యాటరీల గదిలో 12 బదులు 9.6 వోల్టులు వస్తాయి. అందుకే నిండుగా చార్జ్ చేసినా మీటరు సగమే చూపిస్తుంది, కంగారు పడకండి. చార్జింగ్ పోర్టు ఉన్న 9 వోల్టుల లిథియం బ్యాటరీలతో జాగ్రత్త. వాటిలో వోల్టేజీని మార్చే చిన్న సర్క్యూట్ ఉంటుంది, దాని రొద డిటెక్టర్ చెవిలో పడుతుంది. మీ డిటెక్టర్‌తో పాటు పాత నికెల్ కాడ్మియం ప్యాక్ వస్తే దాన్ని బతికించే ప్రయత్నంలో టైమ్ వేస్ట్ చేసుకోకండి. మామూలు చెత్తలో కూడా వేయకండి, కాడ్మియం విషం.

ఆన్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు. ఏం చేయాలి?

బ్యాటరీ వోల్టేజీని డిటెక్టర్ ఆన్‌లో ఉండగానే కొలవండి. ఊరికే పెట్టి కొలిస్తే నీరసపడిన బ్యాటరీ కూడా ఫుల్‌గా ఉన్నట్టు నటిస్తుంది. బ్యాటరీ బాగుంటే హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రాన్ని అనుమానించండి. ప్లగ్గు పెట్టగానే స్పీకరును ఆపేసే చిన్న పట్టీ అందులో ఉంటుంది. అది మట్టి పట్టి ఇరుక్కుంటే, హెడ్‌ఫోన్ లేకపోయినా ఉన్నట్టే భావించి స్పీకరు మూగబోతుంది. ప్లగ్గును పది పన్నెండుసార్లు పెట్టి తీస్తే చాలాసార్లు దారికొస్తుంది.

థ్రెషోల్డ్ (ఎప్పుడూ వెనక సన్నగా వినిపించే మోత) నాబు పూర్తిగా తగ్గించి ఉందేమో కూడా చూడండి. ఇంకో సంగతి ఉంది. డిస్క్రిమినేషన్ మోడ్‌లో చాలా వీఎల్‌ఎఫ్ యంత్రాలు కదలిక ఉంటేనే పలుకుతాయి. నాణెం మీద కాయిల్‌ని కదలకుండా ఆన్చి "ఇది చచ్చింది" అని తిరిగిచ్చేసేవాళ్ళు ఉన్నారు. నాణేన్ని కాయిల్ ముందు అటూ ఇటూ ఆడించి చూడండి.

ఇంట్లో ఆన్ చేస్తే ఒకటే గోల. బయట ఎలా ఉంటుందో?

బయట బుద్ధిగా ఉండొచ్చు. ఇంట్లో నేలలో, స్లాబులో ఇనుప చువ్వలుంటాయి, గోడల్లో కరెంటు తీగలు, పైన ఎల్‌ఈడీ లైట్లు, పక్కన టీవీ, రౌటరు, జేబులో ఫోను. డిటెక్టర్ పనే లోహాన్నీ విద్యుదయస్కాంత అలజడినీ పసిగట్టడం. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటా కోసం అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన పరికరంతో వెతికినప్పుడు కూడా ఇదే గొడవ. అధ్యక్షుడు పడుకున్న పరుపు కింద ఉక్కు తీగలతో చేసిన ఇంకో పరుపు ఉందని ఆయనకు తర్వాత తెలిసింది. పైగా డాక్టర్లు కుడివైపు వెతకమన్నారు, తూటా ఎడమవైపు ఉంది.

కాబట్టి మొదటి పరీక్ష ఆరుబయట చేయండి. ఫోను దూరంగా పెట్టి, ఉంగరం, వాచీ తీసేసి, కాయిల్‌ని నేలకు దూరంగా పక్కకు తిప్పి పట్టుకుని, నాణెం ఎంత దూరం నుంచి పట్టుకుంటుందో రాసి పెట్టుకోండి. ఆ అంకె ముందు ముందు పనికొస్తుంది. ఆరు నెలల తర్వాత అదే నాణేన్ని అదే సెట్టింగులో పట్టుకోలేకపోతే యంత్రంలో ఏదో తేడా వచ్చిందని రూఢిగా చెప్పొచ్చు. పాత అనలాగ్ యంత్రాలకు వేడెక్కడానికి ఐదు పది నిమిషాలు ఇవ్వండి. అప్పటిదాకా థ్రెషోల్డ్ జారుతూనే ఉంటుంది.

నాబు తిప్పుతుంటే గరగరమంటోంది.

లోపలి కార్బన్ పట్టీ మీద మురికి చేరింది. ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్కంత నాబు కాడ దగ్గర స్ప్రే చేసి, ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై ముప్ఫైసార్లు తిప్పండి. బ్యాటరీలు తీసేసి చేయాలి, ఆరాకే ఆన్ చేయాలి. తుప్పు వదిలించే మామూలు నూనె స్ప్రేలు వాడితే నాలుగు రోజులు బాగుండి, ఆ జిడ్డుకు దుమ్మంతా అంటుకుని మళ్ళీ మొదటికొస్తుంది.

గ్రౌండ్ బ్యాలెన్స్ ఎలా చేయాలి? ఎన్నిసార్లు చేసినా కుదరడం లేదు.

ముందు ఇది దేనికో చూద్దాం. నేలలో ఇనుప ఖనిజాలుంటాయి, ఎర్రమట్టిలో మరీ ఎక్కువ. కాయిల్ నేలకు దగ్గరైనప్పుడల్లా వాటినుంచి కూడా సంకేతం వస్తుంది. దాన్ని సున్నా చేసి, లోహం సంకేతం మాత్రమే మిగిలేలా చూసుకోవడమే ఈ సెట్టింగ్.

కింద ఏ లోహమూ లేని చోటు ఎంచుకోండి. అందరూ తప్పేది ఇక్కడే. ఆ చోట మేకు ముక్క ఒకటున్నా మీరు దాన్నే బ్యాలెన్స్ చేస్తూ కూర్చుంటారు. కాయిల్‌ని నలువైపులా తిప్పి, మౌనంగా ఉన్న జాగా చూసుకోండి. అన్ని లోహాలకూ పలికే ఆల్ మెటల్ మోడ్‌లో పెట్టి, థ్రెషోల్డ్‌ని దోమ మోతంత సన్నగా వినిపించేలా ఉంచండి. కాయిల్‌ని మోకాలి ఎత్తుకు లేపి, హ్యాండిల్ మీద రీట్యూన్ బటన్ (మోతను మళ్ళీ మొదటి స్థాయికి తెచ్చేది) ఉంటే నొక్కి వదలండి. ఇప్పుడు నేలకు రెండు మూడు సెంటీమీటర్ల దాకా నిదానంగా దించండి. దించినప్పుడు శబ్దం పెరిగితే నాబును ఒకవైపు తిప్పాలి, తగ్గితే రెండోవైపు. ఏ వైపన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, కాబట్టి తిప్పాక తేడా ఎక్కువైతే ఎదురు దిక్కుకు వెళ్ళండి. ప్రతిసారీ మళ్ళీ పైకి లేపి, రీట్యూన్ చేసి, మళ్ళీ దించాలి. దించినా లేపినా శబ్దం ఒకేలా ఉంటే పని అయింది. పూర్తిగా కుదరకపోతే, దించినప్పుడు ఒక పిసరు పెరిగేలా వదిలేయడం నయం. తగ్గేలా వదిలేస్తే లోతులో ఉన్న చిన్న వస్తువులు ఆ నిశ్శబ్దంలో కలిసిపోతాయి.

"ఎంత తిప్పినా మార్పు లేదు" అనేవాళ్ళ యంత్రాల్లో చాలావరకు పది చుట్లు తిరిగే నాబు ఉంటుంది. పావు చుట్టు తిప్పి ఆగిపోతే ఏమీ తెలియదు. ధైర్యంగా ఒకటి రెండు చుట్లు తిప్పండి, దగ్గరపడ్డాక సన్నగా సరిచేసుకోండి. ఇంత చదివాక మీ డిటెక్టర్‌కి ఆ నాబే లేదని తేలితే, అది ఫ్యాక్టరీలోనే సెట్ చేసిన రకం. మీరు చేయాల్సిందేమీ లేదు. సెన్సిటివిటీ కొంచెం తగ్గించి వాడుకోండి.

నేల మారితే బ్యాలెన్స్ మారుతుంది. వాన పడ్డా మారుతుంది.

సెన్సిటివిటీ ఫుల్‌గా పెడితే లోతు పెరగదా?

కాగితం మీద పెరుగుతుంది. నేల మీద ఆ అదనపు బలమంతా రొదకే పోతుంది. తప్పుడు కూతల మధ్య అసలు సంకేతాన్ని మన చెవి పట్టుకోలేదు. యంత్రం గొణగడం ఆగేదాకా తగ్గించి, అక్కడినుంచి కొద్దిగా పెంచుకోవడం నా పద్ధతి. పాత యంత్రాల విషయంలో నాబు సగంలో ఉంటే చిన్నతనంగా అనుకోవక్కర్లేదు.

డిస్క్రిమినేషన్ ఎంతలో ఉంచాలి?

వీలైనంత తక్కువలో. చిన్న ఇనుప మేకులు మాయమయ్యేంత చాలు. వాహకత్వం కొద్దీ చూస్తే స్కేలు మీద అడుగున ఇనుము, ఆపైన అల్యూమినియం రేకు, సన్నటి బంగారం, డబ్బా మూతల రింగులు, బాగా పైన రాగి, వెండి వస్తాయి. రేకు ముక్కలతో విసిగిపోయి నాబు పెంచేసినవాళ్ళు సన్నటి ఉంగరాన్నీ గొలుసునూ కూడా వదిలేస్తున్నారు, ఆ సంగతి వాళ్ళకు తెలిసే దారే లేదు.

కాయిల్ గడ్డికి తగిలినా మోగుతోంది.

మూడు కారణాలు, మూడూ తేలికే. ఒకటి, కేబులు రాడ్డు మీద వదులుగా వేలాడుతోంది. కాయిల్ దగ్గర కదలడానికి సరిపడా కొంచెం వదిలి, మిగతాది రాడ్డుకు బిగుతుగా చుట్టి వెల్క్రో పట్టీ వేయండి. కేబులు ఊగినప్పుడల్లా కాయిల్‌కి అది కదిలే లోహమే. రెండు, కాయిల్ బోల్టు వదులుగా ఉండి తల ఆడుతోంది. దానికి ప్లాస్టిక్ బోల్టు, రబ్బరు వాషర్లే వాడాలి. విరిగితే ఇనుప బోల్టు పెట్టేసేవాళ్ళున్నారు, అది కాయిల్ నెత్తిన లోహం కూర్చోబెట్టడమే.

మూడోది చాలామందికి తట్టదు. కాయిల్ కింద ప్లాస్టిక్ తొడుగు ఉంటే విప్పండి. లోపల చెంచాడు నల్లటి ఇసుక పేరుకుని ఉంటుంది. అయస్కాంతం పెడితే సగం దానికి అంటుకుంటుంది. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తొడిగి, అంచు చుట్టూ ఇన్సులేషన్ టేప్ వేస్తే మళ్ళీ త్వరగా చేరదు.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే కాయిల్‌లోకి నీరు దిగి ఉండొచ్చు. గాలి తగిలే పొడి చోట కొన్ని రోజులు ఉంచి, ఆరాకే చీలికను ఎపాక్సీతో మూయండి. తడి ఉండగా మూస్తే నీళ్ళను లోపల బంధించినట్టే. ఒవెన్, హెయిర్ డ్రయ్యర్ వద్దు. లోపల ప్రసార చుట్ట, గ్రాహక చుట్ట ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా కచ్చితమైన దూరంలో అతికించి ఉంటాయి. వేడికి మిల్లీమీటరు జరిగినా ఆ తూకం చెడిపోతుంది.

వేరే మోడల్ కాయిల్ పెట్టొచ్చా? పెద్దది పెడితే?

ప్లగ్గు సరిపోయినంత మాత్రాన కాయిల్ సరిపోదు. ఫ్రీక్వెన్సీ, లోపలి చుట్టల లెక్క, ప్లగ్గులో పిన్నుల వరస, అన్నీ కలవాలి. మీ మోడల్‌కి అని రాసి ఉన్నదే కొనండి. పెద్ద కాయిల్ కాస్త లోతుకు చూస్తుంది గానీ బరువు, పక్కపక్కనున్న రెండు వస్తువులను కలిపేస్తుంది. చెత్త లోహం ఎక్కువున్న చోట చిన్న కాయిలే మేలు. కాయిల్ తెగిందేమో తెలుసుకోవాలంటే ప్లగ్గు పిన్నుల మధ్య మల్టీమీటరుతో ఓమ్‌లు కొలవండి. చుట్టకు చెందిన రెండు పిన్నుల మధ్య రీడింగే రాకపోతే తీగ తెగింది. ఏ పిన్ను దేనిదో తెలియకుండా ఈ పరీక్షతో తీర్పు చెప్పకండి.

ఎంత లోతు చూస్తుంది? మీటర్ల లోతు అని చెప్పి అమ్ముతున్నారే?

చేతిలో పట్టుకునే మామూలు వీఎల్‌ఎఫ్‌తో నాణెమంత వస్తువుకు 15 నుంచి 20 సెంటీమీటర్లంటే మంచి లోతే. నేల బాగాలేకపోతే అందులో సగం. బిందెంత వస్తువైతే ఇంకా లోతులో పట్టుకుంటుంది.

కాయిల్ లేకుండా, యాంటెనా పుల్లలు తిరుగుతూ దూరం నుంచే బంగారాన్ని చూపిస్తాయనే పరికరాలు మోసం. ఏడీఈ 651 అనే బాంబు డిటెక్టర్ పేరుతో సరిగ్గా ఇలాంటి ఖాళీ డబ్బాలు అమ్మిన జేమ్స్ మెకార్మిక్‌కి 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ళ జైలు వేసింది. వాటికి సెట్టింగు, మెయింటెనెన్సు ఏమీ ఉండవు.

సముద్రపు ఒడ్డున వాడొచ్చా?

పొడి ఇసుకలో నిశ్చింతగా. తడిసిన ఉప్పు ఇసుక విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి పాత వీఎల్‌ఎఫ్‌లు అక్కడ అదేపనిగా కూస్తాయి. సెన్సిటివిటీ బాగా తగ్గించి, కాయిల్‌ని ఒకే ఎత్తులో ఊపితే కొంత నయం. చాలా మోడళ్ళలో కాయిల్ నీళ్ళలో మునగొచ్చు గానీ కంట్రోల్ బాక్స్ మునగకూడదు, చినుకులు కూడా పడకుండా ప్లాస్టిక్ సంచి తొడగండి. ఇంటికి రాగానే కాయిల్‌ని, కింది రాడ్డుని మంచినీళ్ళతో కడగాలి. రాడ్డు భాగాలు విడదీసి కడగండి. ఉప్పు, ఇసుక కలిసి కీళ్ళ దగ్గర పట్టేస్తే తర్వాత ఊడవు.

హెడ్‌ఫోన్ ఏది సరిపోతుంది?

పాతవాటికి 6.35 మిల్లీమీటర్ల పెద్ద ప్లగ్గు. మోనో, స్టీరియో తేడా వల్ల ఒక చెవికే వినిపిస్తే అడాప్టరు మార్చండి. హెడ్‌ఫోన్‌కే వాల్యూమ్ ఉన్నది తీసుకోండి, ఎందుకంటే చాలా పాత డిటెక్టర్లకు వాల్యూమ్ నాబు ఉండదు. మేకు మీదికి కాయిల్ వెళ్ళినప్పుడు వచ్చే కేకకు చెవులు దిబ్బడ వేస్తాయి.

కంట్రోల్ బాక్స్ విప్పొచ్చా?

వదులైన తీగ, విరిగిన టంకం, తుప్పు చూడటానికి విప్పొచ్చు, టంకం పని తెలిస్తే. ముందు ఫొటో తీసుకోండి. లోపల బోర్డు మీద కనిపించే చిన్న ట్రిమ్ స్క్రూలను ముట్టుకోకండి. అవి ఫ్యాక్టరీలో కొలతలు చూసి పెట్టినవి. వాటిని "కాస్త తిప్పి చూద్దాం" అనుకున్న డిటెక్టర్లే మరమ్మతుకు లొంగనివి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఏళ్ళు గడిస్తే ఎండిపోతాయి, ఉబ్బినా కారినా అదే విలువది వేయించండి. పల్స్ ఇండక్షన్ రకాన్ని ఆన్‌లో ఉంచి అస్సలు తాకొద్దు. కాయిల్ వైపు క్షణకాలం వందల వోల్టులు పుడతాయి.

తయారుచేసిన కంపెనీయే మూతపడింది. విడిభాగాలెలా?

డిటెక్టర్ కంపెనీల్లో టెసోరో 2018లో, వైట్స్ 2020లో ఆగిపోయాయి. టెసోరో మొదటి కొనుగోలుదారుకు ఇచ్చిన జీవితకాల వారంటీ కూడా అక్కడితో సరి. ఇలాంటి మోడల్ ఉంటే, అదే మోడల్‌ది పాడైన యంత్రం ఒకటి చవగ్గా దొరికినప్పుడు కొని పక్కన పెట్టుకోవడం తెలివైన పని. బోర్డు చచ్చినా కాయిల్, రాడ్డు, నాబులు, బ్యాటరీ మూత మిగులుతాయి.

వాడని రోజుల్లో ఎలా ఉంచాలి?

బ్యాటరీలు తీసేసి. రెండు వారాలు వాడనని తెలిస్తే చాలు, తీసేయండి. కాయిల్ మీద బరువు పెట్టకూడదు, ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. వేడికి కాయిల్ జిగురు మెత్తబడుతుంది. కేబుల్‌ని మెలికలు పడేలా మడిచి కట్టకండి, వదులుగా చుట్టండి. బాక్స్‌ని తడిగుడ్డతో తుడిస్తే చాలు. థిన్నర్, అసిటోన్ ప్లాస్టిక్‌ని తినేస్తాయి. సంచిలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి, అప్పుడప్పుడు మార్చండి.

అంతా సరిగ్గానే ఉంది, అయినా తవ్వే దగ్గర మోగుతూనే ఉంటుంది. వస్తువు కనపడదు.

కాళ్ళకు ఉక్కు ముక్కున్న బూట్లున్నాయేమో, పక్కనే పార ఉందేమో చూడండి. పక్కన మీదే మోడల్‌తో ఇంకొకరు వెతుకుతుంటే పది పదిహేను మీటర్లు దూరం జరగండి, ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రాలు ఒకదాన్నొకటి రేపుతాయి. ఇవేవీ కాకపోతే వస్తువు గుంటలో కాకుండా మీరు తీసి పోసిన మట్టిలో ఉండి ఉంటుంది. ముందు ఆ కుప్ప మీద కాయిల్ తిప్పండి.